ఒక ప్రాణియా, ఉమ్మడి కుటుంబమా?

సముద్రపుటొడ్డున ఇసుకపై, గాలి నింపిన నీలపు తిత్తి వంటిది పడియుండగా కొందరు శ్రోతలు చూచియుందురు. అది ఎండి ముడుతలు పడినను ముట్టరాదు, పిల్లలను ముట్టనీయరాదు. కుట్టినచోట కొరడాదెబ్బల వంటి చారలు తేలును. దానిపేరు ఫైసేలియా. నావికులు ‘పోర్చుగీసు యుద్ధనౌక’ యని పిలిచిరి.

చూపునకు జెల్లీచేప వలె నున్నను అది జెల్లీచేప కాదు. అసలది ఒక్క ప్రాణియేనా యన్నదే ప్రశ్న. తేలెడి తిత్తి క్రింద చిన్న జీవులు గుంపులుగా వ్రేలాడుచుండును. కొన్నిటికి నోరును కడుపును దప్ప వేరొకటి లేదు. కొన్నిటి పని వేట. వాని తంతువులు సాధారణముగా 10 మీటర్లు, ఒక్కొక్కప్పుడు 30 మీటర్ల వరకు సాగును. చేప తగిలినంతనే వానిలోని విషపుముళ్లు చివ్వున వెలువడి గ్రుచ్చుకొనును. పట్టినవానికి నోరు లేదు. నోరున్నవానికి పట్టు లేదు. వేరొక తెగకు సంతానమే పని. లోపలి నాళము ఉమ్మడి గనుక, ఒకరు తిన్నది అందరికిని చేరును. తిత్తిలోని వాయువున, చిత్రముగా, బొగ్గుకుంపటి విషవాయువైన కార్బన్ మోనాక్సైడు కూడ నుండును!

ఇవి వేర్వేరు జీవులే, పని పంచుకొన్నవని 1851లో జర్మను శాస్త్రజ్ఞుడు లాయికార్ట్ వాదించెను. కావు, ఒకే ప్రాణికి అంగములని 1859లో హక్స్‌లీ వ్రాసెను. అన్నియు ఒకే అండమునుండి మొగ్గతొడిగి పుట్టినవే, విడివడి బ్రతుకలేవు. కనుక పుట్టుకచే అనేకములు, బ్రతుకుచే ఒకటి యనుట నాకు సమంజసముగా తోచును.

వర్గీకరణమునందును దీనికి స్థిరనివాసము త్వరగా దొరకలేదు. 1758లో లిన్నేయస్ దీనిని చేర్చిన జాతి పేరు నేడు సముద్రపు దోసకాయలకు చెందినది! ఇప్పుడు చెరువులలోని హైడ్రాతో పాటు హైడ్రోజోవా వర్గమున, సైఫనోఫోరా అను క్రమమున నిలిచినది. ఆ క్రమమును తిత్తి మాత్రమే కలవి, తిత్తియు ఈదుటకు గంటలును కలవి, గంటలు మాత్రమే కలవి అని మూడు శాఖలు చేసిరి. ఫైసేలియా మొదటి శాఖది, ఈదలేదు. చిరకాలము ఒకే జాతియనుకొన్న ఈ ఫైసేలియాలో నాలుగు జాతులు కలవని 2025లో ప్రకటితమైన జన్యుపరిశోధన తేల్చినది.

ఈదలేని దానికి గాలియే దిక్కు. తిత్తి మీది తెరచాప కొన్నిటికి కుడివాటము, కొన్నిటికి ఎడమవాటము. ఒకే గాలికి ఒక వాటమువి ఒడ్డునకు కొట్టుకొనివచ్చినను, రెండవ వాటమువి కడలిపైననే మిగులునని శాస్త్రజ్ఞుల ఊహ.