రంధ్రాల పలకకు రంగు వేయుట

కుట్టుగదిలో కత్తెర కనబడకపోవడం స్వల్ప విషయమని తలచేవారు ఆ గదిలో ఒక పూటయినా కూర్చుండినవారు కారు. బట్టకు వాడే కత్తెరతో నాలుగు కాగితాలు కత్తిరిస్తే చాలు, దాని పదును పోతుంది. అందుచేత దర్జీ తన కత్తెరను ఇంట్లోవారికి కూడా అంత సులభంగా ఇవ్వడు. మన కుట్టు విభాగంలో అటువంటి పెద్ద కత్తెరలు 4 ఉండేవి. కొన్ని సంవత్సరాల క్రిందట ఒకనాటి సాయంకాలం గది మూసే వేళకు లెక్కలో 3 మాత్రమే తేలినవి.

తెలుగు బోధించేవానికి కుట్టుగదితో పనియేమని పాఠకులు అడుగవచ్చును. కమిటీవారు ఆ విభాగపు పర్యవేక్షణను నాకు అప్పగించినారు. ఛందస్సు చెప్పేవానికి కొలతలు తెలిసియుంటాయని వారు భావించి ఉండవచ్చును. ఏమైతేనేమి, ఆ సాయంకాలం గదినుండి చివరగా బయలుదేరిన విద్యార్థిని సంచీని తెరిపించి చూచినాము. తెరువుమన్నవారిలో నేనును ఒకడిని. సంచీలో కత్తెర లేదు. మరునాడు మధ్యాహ్నం మడత పెట్టిన అస్తరు గుడ్డ థాను మధ్యనుండి అది జారిపడినది. ఆ అమ్మాయి మాత్రం 3 రోజులు తరగతికి రాలేదు. కుట్టు నేర్పే ఆపా నాతో ఒక్క మాటే అన్నారు: "వస్తువుకు ఒక చోటంటూ లేని గదిలో పిల్లలను ఏమనగలం సార్?" మన గది గోడకు రంధ్రాల పలక వచ్చిన కథ అక్కడ మొదలైనది.

పెగ్‌బోర్డు అని బజారులో అడిగితే దొరికే ఈ పలక నిజానికి హార్డ్‌బోర్డే. దానిలో అంగుళానికొకటి చొప్పున అడ్డంగాను నిలువుగాను వరుసలు తీర్చి రంధ్రాలు వేస్తారు. ఆ రంధ్రాలలో ఇనుప కొక్కేలు దూర్చి సామాను తగిలించవచ్చును. అక్కర తీరగానే కొక్కేన్ని పెరికి మరొకచోట పెట్టుకొనవచ్చును. గోడకు మేకు కొట్టడానికీ దీనికీ భేదం అదే. హార్డ్‌బోర్డును 1924లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, లారెల్ అనే ఊరిలో, విలియం మేసన్ అనే ఆయన తయారుచేసినాడు. కోత మిల్లులలో వృథాగా పోయే చెక్క ముక్కలను అధిక పీడనంగల ఆవిరిలో ఉంచి, ఆ పీడనాన్ని ఒక్కసారిగా విడిచిపెడితే అవి పేలి పీచుగా విడిపోతాయి. ఆ పీచును వేడిమితో అదిమితే చెక్కలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థమే జిగురై పలకను బిగిస్తుంది.

పుట్టుక పీచు కావడంచేత దాని గుణమూ పీచు గుణమే. తేమ తగిలితే ఉబ్బుతుంది, ఎండితే కుదించుకొంటుంది. దీనిని మేము పుస్తకంలో చదివి తెలుసుకొనలేదు. డబ్బు పోగొట్టుకొని తెలుసుకొన్నాము. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల పలకను తెచ్చి, కిటికీలకు వేయగా మిగిలిన ఎనామిలు డబ్బాను విప్పి, లావుపాటి కుంచెతో ముందువైపు మాత్రమే దట్టంగా పూసి, ఆ మరునాడే గోడకు ఆనించి బిగించినాము. అది శ్రావణమాసపు ముసురు. పక్షం రోజులలో పలక మధ్యభాగం పొట్టలాగా ముందుకు వచ్చినది. రంధ్రాలలో సగానికి సగం రంగు గడ్డకట్టి కొక్కెం దూరలేదు. దూరినవి కూడా గోడ అడ్డు వచ్చి నిలువలేదు. తడి పూర్తిగా ఆరని ఎనామిలు ఒక తెల్లని కుర్తా గుడ్డకు అంటుకొని, ఆ గుడ్డ ఖరీదు కూడా మా పద్దులోనే పడినది.

పొట్ట ఎందుకు వచ్చినదో తరువాత బోధపడినది. రంగు పూసిన ముఖం తేమను అడ్డుకొన్నది. గరుకుగా, జల్లెడ అచ్చుతో ఉండే వెనుకభాగం గోడలోని చెమ్మను యథేచ్ఛగా పీల్చుకొన్నది. ఒక వైపు పెరిగి మరొక వైపు పెరుగకపోతే ఏ పలకయైనా వంగక తప్పదు. కనుక కంటికి కనబడని వెనుకవైపుకూ, అన్నిటికంటె ఎక్కువ తేమ త్రాగే నాలుగు అంచులకూ కూడా రంగు వేయవలెను. ఎవరూ చూడని వైపుకు రంగు దండుగ అని మాకు సలహా ఇచ్చినవారు కొందరున్నారు. వారిలో ఎవరూ ఆ వంగిన పలకను మోసుకొని పోవడానికి రాలేదు.

రెండవసారి తొందరపడలేదు. పలకను ముందుగా పొడిగుడ్డతో తుడిచి, మెరిసే ముఖాన్ని ఉప్పుకాగితంతో తేలికగా రుద్ది, దుమ్మంతా దులిపినాము. మెరుపు తగ్గితేగాని రంగుకు పట్టు దొరకదు. నూనె పట్టించిన గట్టిరకం హార్డ్‌బోర్డుకు నూనె ప్రైమరు, మామూలు రకానికి నీటితో కలిపే యాక్రిలిక్ ప్రైమరు సరిపోతాయి. రంగు వేసేటప్పుడు పలకను నేలమీది వార్తాపత్రికపై పరచరాదు. రంధ్రాల గుండా దిగిన రంగు కాగితాన్ని పలకకు అతికిస్తుంది. 2 బల్లల నడుమ వంతెనవలె ఆనించి పెడితే క్రింద గాలి ఆడుతుంది.

ఇక కుంచె సంగతి. కుంచె వెంట్రుకలు ప్రతి రంధ్రం అంచునా రంగును కక్కి లోపలికి నెడతాయి. మా పలకలోని రంధ్రాలు రమారమి 1,700. వాటినన్నిటినీ పుల్లతో పొడవడానికి కూర్చుంటే ఆ పని ఎంతటిదో ఊహించుకొనవచ్చును. దానికి మారుగా పొట్టి నూగుగల చిన్న రోలరును రంగులో ముంచి, పళ్ళెంలో రెండు మూడుసార్లు దొర్లించి, అదనపు రంగును వదలగొట్టి పలుచగా తిప్పవలెను. అలా తిప్పితే రంగు పైన మాత్రమే అంటుతుంది. అయినా కొన్నిచోట్ల పొరవలె సాగి రంధ్రం మూసుకొనును. రంగు పచ్చిగా ఉన్నప్పుడే కొబ్బరి చీపురు పుల్లతో ఒక పోటు పొడిస్తే ఆ పొర తెగిపోతుంది. ఆరిన తరువాత పొడిస్తే రంగు పెచ్చుగా లేస్తుంది. ఇనుప బీరువాలకు రంగు చిమ్మేవారు దగ్గరలో ఉంటే, వారి స్ప్రే యంత్రంతో రెండు మూడు పలుచని పూతలు వేయించడం అన్నిటికంటె మేలైన మార్గం. ఏ విధంగా వేసినా దట్టమైన ఒక్క పూతకంటె పలుచని 2 పూతలు మంచివి. వానకాలంలో పూతకూ పూతకూ మధ్య ఒక దినమైనా విడువవలెను. చేతికి అంటనంత మాత్రాన రంగు గట్టిపడినట్లు కాదు. మేము 3 వారాలు ఆగి కొక్కేలు తగిలించినాము. ముందుగా తగిలించి ఉంటే ఇనుము మెత్తని రంగుకు అతుక్కొని, తీసినప్పుడల్లా రంగునూ పెరికి ఉండేది.

పాత డబ్బాల విషయమై ఒక హెచ్చరిక. మన దేశంలో ఇంటి రంగులలో సీసం 90 పి.పి.ఎం.కు మించరాదని 2016లో నిబంధనలు వచ్చి, 2017 నవంబరునుండి అమలులోకి వచ్చినవి. అంతకు పూర్వపు ఎనామిలు డబ్బాలు ఏ స్టోరు గదిలోనైనా ఉంటే, పిల్లలు చేతులతో తాకే పలకకు వాటిని వాడరాదు. పాతరంగును పొడిగా రుద్ది ఆ దుమ్మును పీల్చడం మరీ ప్రమాదకరం.

ఏ రంగు వేయవలెననే ప్రశ్న వద్ద మా గదిలో పెద్ద చర్చయే జరిగినది. విద్యార్థినులు గులాబిరంగు కోరినారు. ఒక సహోద్యోగి చిలుకపచ్చ అన్నారు. దీనికి సమాధానం పారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో దాదాపు రెండు శతాబ్దాల క్రిందటనే దొరికినది. అక్కడి అద్దకశాలకు 1824లో అధికారిగా వచ్చిన షెవ్రూల్ అనే రసాయన శాస్త్రజ్ఞునికి, నల్లదారం సరిగా నల్లగా లేదని ఫిర్యాదు అందినది. నీలం, ఊదా దారాల నడుమ నేసినప్పుడు ఆ నలుపు వెలవెలబోతున్నదని నేతగాండ్ర మొర. ఆయన ఆ దారాన్ని ఇతరచోట్ల తయారైన మేలురకపు నలుపులతో పోల్చి చూచి, అద్దకంలో లోపమేమీ లేదని కనుగొన్నాడు. లోపం దారంలో లేదు, దాని ఇరుగుపొరుగులో ఉన్నది! పక్కపక్కనున్న రంగులు ఒకదానినొకటి మన కంటిలో మార్చివేస్తాయి. ఈ విషయమై ఆయన 1839లో ఒక పెద్ద గ్రంథమే ప్రకటించినాడు.

దీనిని ఎవరైనా పరీక్షించి చూడవచ్చును. ఒకే బూడిదరంగు దారాన్ని రెండు ముక్కలు చేసి, ఒకదానిని ఎర్రని గుడ్డమీద, మరొకదానిని నీలిగుడ్డమీద పెట్టండి. మొదటిది కొంచెం పచ్చదనం, రెండవది కొంచెం పసుపుదనం తిరిగినట్లు కనబడుతుంది. ఇక గులాబిరంగు పలకమీద దారపు రీళ్ళు తగిలించి, పెళ్ళి ఘరారాకు సరిపోయే దారాన్ని అక్కడినుండి ఏరుకొంటే గతి ఏమగును? ఇంటికి పోయి గుడ్డమీద పెట్టి చూస్తేగాని పొరపాటు తెలియదు. కనుక లేత బూడిదరంగును నిర్ణయించినాము. మెరిసే రకం దీపం వెలుగును కంటిలోకి కొడుతుంది గనుక మెరుపు తక్కువది తీసుకొన్నాము. విద్యార్థినులు కొంత నిరాశ చెందినారు. వారి తృప్తికోసం పలక చుట్టూ ఉన్న చట్రానికి మాత్రం గులాబిరంగు వేయించినాము. అది దారాలకు దూరంగా ఉన్నది గనుక బాధ లేదు.

ఇంతవరకు చెప్పినది పలకను కాపాడే రంగు. మా అవసరాన్ని తీర్చినది ఆ తరువాత వేసిన రంగు. అమెరికాలో వంటల గ్రంథాలకూ టెలివిజన్ పాఠాలకూ ప్రసిద్ధికెక్కిన జూలియా చైల్డ్ అనే ఆమెకు, మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో ఆమె భర్త పాల్ చైల్డ్ 1961లో ఒక వంటగదిని తీర్చి ఇచ్చినాడు. ఆయన చిత్రకారుడు కూడా. గోడకు రంధ్రాల పలకలు బిగించి, నీలిపచ్చ రంగు వేసి, ప్రతి గిన్నెకూ పెనానికీ దాని ఆకారాన్ని అక్కడ గీత గీసినాడు. ఏది ఎక్కడికి చేరవలెనో గోడయే చెబుతుంది. ఆ వంటగదిని ఆమె 2001లో స్మిత్సోనియన్ సంస్థకు ఇవ్వగా, నేడది వాషింగ్టన్ నగరపు మ్యూజియంలో ఉన్నది. కార్ఖానాలలో పనిముట్ల పలకమీద కూడా ఇదే పద్ధతి కలదు.

మేమును ఆ పనియే చేసినాము. పలకను పరచి, కత్తెరలు, ఎల్ స్కేలు, ట్రేసింగు చక్రం, కొలతల టేపు, అంగుస్తానాల డబ్బీ, అన్నిటినీ వాటి వాటి చోట్ల ఉంచి, పెన్సిలుతో చుట్టూ గీచి, ఆ ఆకారం లోపలిభాగాన్ని ముదురు నీలంతో నింపినాము. వట్టి గీతకంటె నిండిన నీడ దూరానికి కనబడుతుంది. సన్నని కుంచెతో ఈ పని చేసినవారు విద్యార్థినులే. సంచీ తెరిపింపబడిన అమ్మాయి పెద్ద కత్తెర నీడను వేసినది. ఆమెను నేను ఆ పనికి నియమించలేదు, తానే కుంచె తీసుకొన్నది. క్షమాపణ నేను అంతకుముందే చెప్పి ఉన్నాను, అయినా అది చాలినదని నేననుకొనను.

గోడకూ పలకకూ మధ్య ముప్పాతిక అంగుళం మందంగల చెక్క బద్దలు వేసి మరమేకులతో బిగించినందున కొక్కేలకు వెనుక చోటు దొరికినది, చెమ్మ కూడా తగులదు. ఇస్త్రీపెట్టెను మాత్రం దీనిమీద తగిలించము. బరువు, వేడి రెండూ దీనికి పనికిరావు. సాయంకాలం గది మూసేటప్పుడు ఆపా తలుపు వద్ద నిలిచి గోడవైపు చూస్తారు. నీలినీడ ఖాళీగా కనబడితే తాళం వేయరు. అందరూ కలిసి గుడ్డలు దులుపుతారు. ఇంతవరకు మళ్ళీ ఎవరి సంచీనీ తెరువవలసిన అవసరం రాలేదు.

పలక కుడివైపు పై మూలన 2 కత్తెరల నీడలు ఇప్పటికీ ఖాళీగా ఉన్నవి. అవి పోయినవి కావు, ఇంకా కొనవలసినవి. కమిటీ సభ్యులు ఈసారి కుట్టుగదికి దయచేసినప్పుడు ఆ మూలకు కూడా దృష్టి సారింపవలెనని మనవి.