రజులా తిరిగొచ్చింది... రోహ్నా రాలేదు!

పిల్లలూ! మస్కట్‌లో విమానం ఎక్కి ఒక సినిమా చూసి, ఒక కునుకు తీసేసరికి హైదరాబాదులో దిగిపోతాం. మరి విమానాలు అందుబాటులో లేని రోజుల్లో మనవాళ్ళు పరాయి దేశాలకు ఎలా వెళ్ళేవారో తెలుసా? ఓడల మీద! అలాంటి రెండు ఓడల కథ ఇది.

1926లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అక్కచెల్లెళ్ళ లాంటి రెండు ఓడలను సముద్రంలోకి దింపింది. గ్లాస్గోలో తయారైనది రజులా. ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున తయారైనది రోహ్నా. ఒక్కొక్కటీ 8,400 టన్నుల పైమాటే. మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూరు... ఇదీ వాటి దారి.

క్యాబిన్లు కొందరికే. మిగతావాళ్ళకు డెక్కు టికెట్టే గతి. చాప పరిచిన చోటే ఇల్లు! తొలి రోజుల్లో రజులాకు 5,000 మందికి పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉండేదట. మలయా తోటల్లో పనికి వెళ్ళిన తమిళులు, తెలుగువారు ఇలాంటి ఓడల మీదే బంగాళాఖాతం దాటారు. ఈనాటి మలేషియా తెలుగు కుటుంబాలలో చాలావాటి కథ అక్కడే మొదలవుతుంది.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. వేలమందిని మోయగల ఓడలను సైన్యం వదులుతుందా? అక్కచెల్లెళ్ళిద్దరూ సైనికులను చేరవేసే ఓడలయ్యారు. కూలీలు చాపలు పరుచుకున్న డెక్కుల మీద ఇప్పుడు సైనికులు! పనివాళ్ళు మాత్రం మారలేదు. బొగ్గు వేసేవారు, వంట చేసేవారు, తాళ్ళు లాగేవారు ఎక్కువమంది మన దేశపు నావికులే. వారిని లస్కర్లు అనేవారు.

1943 నవంబరు 26. దాదాపు 2,000 మంది అమెరికన్ సైనికులతో రోహ్నా మధ్యధరా సముద్రంలో వెళుతోంది. సూయజ్ కాలువ దాటి, మన అరేబియా సముద్రం మీదుగా బొంబాయి చేరాలి. సాయంత్రం అల్జీరియా తీరానికి దగ్గరలో జర్మన్ విమానాలు విరుచుకుపడ్డాయి. అందులో ఒకటి వదిలిన బాంబు మామూలు బాంబు కాదు. విమానంలో కూర్చునే రేడియో సంకేతాలతో దారి మళ్ళించగలిగేది. ఈనాటి క్షిపణులకు తాత అనుకోండి! అది నేరుగా వచ్చి రోహ్నాకు తగిలింది. ఓడ మునిగిపోయింది.

చీకటి పడినా పయనీర్ అనే అమెరికన్ నౌక వెనుదిరగలేదు. కెరటాల మధ్య వెతికి వెతికి 600 మందికి పైగా పైకి లాగింది. అయినా 1,100 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో 1,015 మంది అమెరికన్ సైనికులు. ఓడ సిబ్బందిలోనూ నూరుమందికి పైగా పోయారు.

శత్రువుకు తమ బాంబు ఎంత పనిచేసిందో తెలియకూడదని ఈ సంగతిని రహస్యంగా ఉంచారు. కన్నవారికి కూడా పూర్తి వివరాలు చెప్పలేదు. 2000లో గాని అమెరికా కాంగ్రెసు ఆ సైనికులను గౌరవిస్తూ తీర్మానం చేయలేదు. మరి లస్కర్లో? యుద్ధంలో మరణించిన దాదాపు 6,000 మంది భారతీయ వాణిజ్య నావికుల స్మృతికి ముంబయిలోనూ, చిట్టగాంగులోనూ స్మారకాలున్నాయి. వారి గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఎంత చదివాం?

రజులా అదృష్టవంతురాలు. యుద్ధం ముగిశాక మళ్ళీ మద్రాసు–సింగపూరు దారి పట్టింది. 1973లో షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కొని 'రంగత్' అని పేరు మార్చింది. మరుసటి ఏడాది ముసలి ఓడను విడగొట్టేశారు.

మన మస్కట్‌కూ ఈ కథతో చుట్టరికం ఉంది. అదే కంపెనీ ఓడలు బొంబాయి, కరాచీల నుంచి ఇక్కడికి వచ్చేవి. చివరిదైన 'ద్వారక' 1982 వరకు తిరిగింది. పాత మస్కట్ రేవు కొండల మీద నావికులు తమ ఓడల పేర్లు రంగుతో రాసేవారు. దానికి 'సుల్తాన్ సందర్శకుల పుస్తకం' అని ముద్దుపేరు!

ఈసారి మత్రా కార్నిష్‌కు వెళ్ళినప్పుడు సముద్రం వైపు చూస్తూ పిల్లలకు ఈ కథ చెప్పండి. ఇంట్లో తాతయ్యలు, నానమ్మలు ఉంటే వాళ్ళ ఓడ ప్రయాణాల కథలు అడిగి రాసిపెట్టుకోండి.