యాప్‌లో అంకె బాగానే ఉంది.. మరి ఈ దగ్గెందుకు?

మచిలీపట్నానికి సముద్రపు గాలి ఉంది, గుడివాడ చుట్టూ పచ్చని పొలాలున్నాయి, దివిసీమలో పెద్ద ఫ్యాక్టరీల పొగ లేదు. కాలుష్యమంటే విజయవాడ గొడవే అనుకుంటాం. కానీ సార్వా వరి కోతలయ్యాక సాయంత్రాలు కమ్ముకునే పొగ మాటేమిటి?

ఈ పొగ ఎక్కడిది?
యంత్రంతో కోసిన చేలల్లో మిగిలిన గడ్డిని కొందరు తగలబెడతారు. వీధుల్లో కాల్చే చెత్త, లారీల డీజిల్ పొగ, రోడ్డు దుమ్ము దానికి తోడవుతాయి. చలికాలం రాత్రిళ్లు నేల దగ్గరి గాలి చల్లబడి పైకి లేవదు. పొగ మన ముక్కు ఎత్తులోనే నిలిచిపోతుంది.

ఒంట్లో ఏం చేస్తుంది?
పొగలోని పీఎం 2.5 కణాలు తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉంటాయి. ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి, కొన్ని రక్తంలోనూ కలుస్తాయి. అందుకే దగ్గు, ఆయాసంతో ఆగదు. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. గర్భిణులకు తక్కువ బరువుతో బిడ్డ పుట్టే ప్రమాదమూ ఉంది.

అంకెలో ఎందుకు కనిపించదు?
పీఎం 2.5కు మన దేశంలో పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. రెండూ 24 గంటల సగటులే. మన ఏక్యూఐలోనూ ఈ కణాలకు 24 గంటల సగటే తీసుకుంటారు. రెండు గంటల దట్టమైన పొగ అందులో పలచబడిపోతుంది. పైగా ఊళ్లో కొలిచే యంత్రం లేకున్నా కొన్ని యాప్‌లు ఉపగ్రహ సమాచారంతో అంచనా వేసి అంకె చూపిస్తాయి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో రాష్ట్రం నుంచి 13 నగరాలున్నాయి. విజయవాడ, గుంటూరు, ఏలూరు వాటిలో ఉన్నాయి, మచిలీపట్నం, గుడివాడ లేవు.

మనమేం చేయాలి?
• పొగ వాసన వస్తే అంకె కోసం చూడకండి. కిటికీలు మూసి, పిల్లలను, పెద్దవాళ్లను లోపల ఉంచండి.
• నడక పొద్దెక్కి మంచు విడిపోయాకే.
• బయటకు తప్పకపోతే ఎన్95 మాస్కు. చేతిరుమాలు ఈ కణాలను ఆపలేదు.
• ఆస్తమా ఉన్నవారు ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకోవాలి. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే వెంటనే 108కు ఫోన్ చేయండి.

ఎవరికి చెప్పాలి?
చెత్త కాలుస్తుంటే ఫొటో తీసి మచిలీపట్నంలో నగరపాలక సంస్థకు, గుడివాడలో మున్సిపాలిటీకి, పల్లెల్లో పంచాయతీకి ఫిర్యాదు చేయండి. బహిరంగంగా చెత్త కాలిస్తే రూ.5,000, పెద్ద ఎత్తున అయితే రూ.25,000 జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016లోనే ఆదేశించింది.