వేగం పక్కన ఉన్న ఆ చిన్న 2

తమ్ముళ్ళూ, ఈ హాస్టల్లో చదివి వెళ్ళిన అన్నలూ! వార్షికోత్సవ సంచికకు ఏం రాయాలా అని ఆలోచిస్తే, స్టడీ అవర్లో మేము బట్టీ పట్టిన ఒక సూత్రం గుర్తొచ్చింది. గతిజశక్తి = ½ × ద్రవ్యరాశి × వేగం². దానికి మార్కులు తెచ్చుకున్నాం గానీ, వేగానికి వర్గం ఎందుకని ఎవరమూ అడగలేదు. సంక్రాంతి సెలవులకు ఊరెళ్తూ మా బ్యాచ్ మిత్రుడొకడు బైకు మీంచి పడి, కాలు విరిగి, ఒక ఏడాది చదువు పోగొట్టుకున్నాకే అడిగాం.

1722లో హాలెండ్ శాస్త్రవేత్త గ్రావెసాండే ఇత్తడి గుండ్లను మెత్తని బంకమట్టి మీదికి జారవిడిచాడు. వేగం రెట్టింపైతే గుంట రెండింతలు కాదు, నాలుగింతలు పడింది. ఫ్రాన్సుకు చెందిన ఎమిలీ దు షాట్లే 1740లో తన భౌతికశాస్త్ర గ్రంథంలో ఈ వాదాన్నే సమర్థించారు.

కారణం తేలికే. వేగం రెట్టింపైతే, అదే బ్రేకుతో ఆగడానికి రెట్టింపు కాలం పడుతుంది. ఆ కాలమంతా సగటు వేగం కూడా రెట్టింపే. రెండు రెళ్ళు నాలుగు. అందుకే ఆగే దూరం నాలుగింతలు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇద్దరు కూర్చున్న బైకు మొత్తం 250 కిలోలనుకుందాం. గంటకు 36 కి.మీ. అంటే సెకనుకు 10 మీటర్లు. గతిజశక్తి 12,500 జౌళ్ళు. 72 కి.మీ. వేగంలో 50,000 జౌళ్ళు. మూడోవాణ్ణి ఎక్కిస్తే శక్తి బరువు లెక్కన పెరుగుతుంది, వేగం పెంచితే వర్గం లెక్కన పెరుగుతుంది.

బ్రేకు ప్రతి సెకనుకూ 5 మీటర్ల వేగం తగ్గిస్తుందనుకుంటే ఆగే దూరాలు 10, 40 మీటర్లు. చూసి బ్రేకు వేసేలోగా ఒక సెకను పోతుంది. అది కూడా కలిపితే 20, 60 మీటర్లు.

30 మీటర్ల దూరంలో గేదె అడ్డొచ్చిందనుకోండి. 36లో వెళ్ళేవాడు ఇంకా 10 మీటర్లు ఉండగానే ఆగుతాడు. 72లో వెళ్ళేవాడు బ్రేకు వేసినా, ఇంకా సుమారు 62 కి.మీ. వేగంతో గుద్దుతాడు! అసలు బ్రేకే వేయకుండా 72లో గుద్దితే, 20 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు ఆరంతస్తుల మేడ మీంచి పడినట్టే.

మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. మీలో చాలామందీ అంతే. సెలవులకు మనం క్షేమంగా ఇల్లు చేరాలని అమ్మానాన్నలు గుమ్మంలో ఎదురుచూస్తుంటారు. పరీక్ష అయిపోయాక కూడా ఆ చిన్న 2ను మరచిపోకండి.