చెవి మీద చుట్ట – చేతిలో ట్యాబు



సంక్రాంతి సెలవుల్లో మా ఊరికి నర్సమ్మ, ఆశా అక్క వచ్చారు. ముప్పై నిండినోళ్ళని రచ్చబండ దగ్గర కూచోబెట్టి, ట్యాబులో చూస్తూ ప్రశ్నలు అడిగారు. నేను పక్కనే నిలబడి చూశాను. అది రాయమని వార్డెన్ సారు అన్నారు.

ట్యాబులో ఒక యాప్ ఉంది. సుగరు, బీపీ లాంటి జబ్బులు వచ్చే వీలు ఎవరికి ఎక్కువో చూసే ఫారం అందులో ఉంటుంది. పేరు సీబ్యాక్. వయసు 30 నుంచి 39 అయితే 1 మార్కు, తర్వాత పదేళ్ళకి ఒకటి చొప్పున పెరిగి 60కి 4. పొగాకు రోజూ వాడితే 2. రోజూ మందు తాగితే 1. టేపుతో నడుం కొలుస్తారు. ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటితే మార్కు పడుతుంది. వారానికి 150 నిమిషాలైనా ఒళ్ళు కదిలే పని లేకపోతే 1. అమ్మానాన్నలకో, తోడబుట్టినోళ్ళకో సుగరు, బీపీ, గుండెజబ్బు ఉంటే 2. మన పరీక్షల్లో మార్కులొస్తే సంతోషం, ఇక్కడ తిరగబడింది! 4 దాటినోళ్ళని ముందు పిలిచి పరీక్ష చేస్తారు. యాప్ రోగం ఉందని చెప్పదు, ఎవర్ని ముందు చూడాలో చెబుతుంది.

మా నాన్నకి 42. కొండ ఎక్కి దిగే మనిషి, బక్కపల్చన. "సుగరు బస్తీవోళ్ళ రోగమమ్మా, మాకెందుకొస్తాది" అన్నాడు. చుట్ట తాగుతావా అంటే లేదన్నాడు. చుట్ట చెవి మీదే ఉంది! ఆశా అక్కది మా ఊరే. "మావా, మరి చెవి మీదున్నదేటి?" అంది. అందరూ నవ్వారు.

వయసుకి 2, మా అవ్వకి సుగరు ఉంది గనక 2, చుట్టకి 2. మొత్తం 6. అబద్ధం అలాగే ఎక్కించేస్తే 4 దగ్గరే ఆగేవాడు, ముందు వరసలోకి వచ్చేవాడు కాదు. ట్యాబుకి మనం చెప్పిందే తెలుసు, చెవి మీద చుట్ట అక్కకే కనబడింది.

వేలు గుచ్చి చుక్క రక్తం చిన్న మిషన్‌లో చూశారు. 168. అది 140 దాటితే డాక్టరు దగ్గరికెళ్ళాలి. అక్కడ పరగడుపున మళ్ళీ చూసి తేలుస్తారు. మా ఊళ్ళో సిగ్నల్ లేదు, వివరాలు కిందకెళ్ళాక పంపుతానంది నర్సమ్మ.

మా అవ్వ కాలి పుండు ఆర్నెల్లు మానలేదు. గాలి సోకిందని కోడిని కోశాం. సుగరని తెలిసేసరికి రెండు వేళ్ళు తీసేశారు. నా భయం అదే.

పీహెచ్‌సీ మాకు 11 కిలోమీటర్లు. కాఫీ పళ్ళ కోత అయ్యాక వెళ్తానన్నాడు నాన్న. పోయిన ఆదివారం ఫోనులో అడిగితే మాట మార్చాడు. ఈ ఆదివారం వార్డెన్ సారు మాట్లాడతానన్నారు.

– 9వ తరగతి విద్యార్థి