కొట్టివేసిన పేరు, మళ్ళీ సంపాదించిన పేరు

అమెరికా కళాశాలల పురుషుల ఫుట్‌బాల్ విజేతల పట్టికలో 1971వ సంవత్సరానికి ఎదురుగా ఏ కళాశాల పేరూ ఉండదు. అంతిమ పోటీ జరగలేదా అంటే, జరిగింది. వేలాదిమంది కూర్చునే మైదానంలో అందరి కళ్ళెదుటే జరిగింది. ఒక జట్టు గెలిచింది, ఒక జట్టు ఓడింది. అయితే ఏడాది తిరిగాక గెలిచిన జట్టు పేరును కొట్టివేశారు. ఓడిన జట్టుకు ఆ స్థానం ఇవ్వనూ లేదు. ఆ గడి నేటికీ ఖాళీగానే ఉంది. అదే పట్టికలో మూడు గడులు దాటి 1974కు వస్తే, పేరు కొట్టివేయబడిన ఆ విశ్వవిద్యాలయమే విజేతగా కనిపిస్తుంది. ఈ రెండు గడుల నడుమ జరిగినదేమిటో తెలుసుకోవడం యువకులకే కాదు, వారిని పెంచే తల్లిదండ్రులకూ ఉపయోగకరం.

ముందుగా ఒక చిన్న వివరణ. మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆటను అమెరికన్లు సాకర్ అంటారు. వారి దేశంలో ఫుట్‌బాల్ అంటే కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తే వేరొక ఆట. ఈ వ్యాసంలో ఫుట్‌బాల్ అన్నప్పుడల్లా మనకు తెలిసిన ఆటనే గ్రహించగలరు.

విముక్తుల విద్యాలయం

ఆ విశ్వవిద్యాలయం పేరు హోవర్డ్. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1867లో అది స్థాపించబడింది. అంతర్యుద్ధం ముగిసి, నల్లజాతి ప్రజలు బానిసత్వం నుండి విడుదలై అప్పటికి రెండేళ్ళే అయింది. చదువుకు నోచుకోని ఆ ప్రజలకు ఉన్నత విద్య అందించడం దాని ప్రధాన ధ్యేయం. విముక్తుల సంక్షేమానికై ఏర్పడిన ప్రభుత్వ శాఖకు అధిపతిగా పనిచేసిన జనరల్ ఆలివర్ హోవర్డ్ పేరు దానికి పెట్టారు. తెల్లవారి కళాశాలలు తలుపులు మూసుకున్న కాలంలో వైద్యులను, న్యాయవాదులను, ఉపాధ్యాయులను తయారుచేసిన విద్యాలయమది.

హోవర్డ్ విద్యార్థులందరూ అమెరికన్లే కారు. కరీబియన్ దీవుల నుండి, ఆఫ్రికా దేశాల నుండి ఎందరో యువకులు చదువుకోసం అక్కడికి వచ్చేవారు. వారు తమ వెంట పుస్తకాలనే కాదు, తమ ఊళ్ళలో చిన్ననాటి నుండి ఆడిన ఆటను కూడా తెచ్చుకున్నారు. సాధారణ అమెరికన్ యువకునికి ఆనాడు అంతగా పరిచయం లేని ఫుట్‌బాల్, హోవర్డ్ ప్రాంగణంలో ఇంటి ఆట అయింది.

1970లో ఈ జట్టుకు శిక్షకుడుగా లింకన్ ఫిలిప్స్ వచ్చారు. ఆయన ట్రినిడాడ్ దేశస్థుడు. తన దేశం తరఫున గోల్ కీపర్‌గా ఆడారు. 1967 పాన్ అమెరికన్ క్రీడలలో కాంస్య పతకం పొందిన జట్టులో సభ్యుడు. అనంతరం అమెరికాలో వృత్తి క్రీడాకారుడుగానూ ఆడారు. ట్రినిడాడ్, జమైకా, నైజీరియా, ఘనా, గినీ వంటి దేశాల విద్యార్థులను ఆయన ఒక్క జట్టుగా తీర్చిదిద్దారు. ఒకరి ఆట తీరు మరొకరికి కొత్త, ఒకరి యాస మరొకరికి వింత. కొందరి మాతృభాషలు కూడా వేరు. అయినా మైదానంలో వారికి ఒకే రంగు చొక్కా, ఒకే లక్ష్యం. తొలి ఏడాదే ఆ జట్టు దేశస్థాయి పోటీలలో సెమీఫైనల్ వరకు వెళ్ళింది. అక్కడ కాలిఫోర్నియాకు చెందిన యూసీఎల్ఏ చేతిలో 4–3తో ఓడింది.

1971: తొలి గెలుపు

మరుసటి ఏడాది హోవర్డ్ జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు. సెమీఫైనల్‌లో సుప్రసిద్ధ హార్వర్డ్ విశ్వవిద్యాలయాన్ని 1–0తో ఓడించింది. ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీ నగరంలో, ఆరెంజ్ బౌల్ మైదానంలో డిసెంబరు 30న అంతిమ పోటీ జరిగింది. ప్రత్యర్థి సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం.

ఆ ప్రత్యర్థి స్థాయిని గ్రహిస్తేనే ఈ గెలుపు విలువ అర్థమవుతుంది. 1959లో ఈ పోటీలు మొదలైనప్పటి నుండి అత్యధిక పర్యాయాలు విజేతగా నిలిచినది సెయింట్ లూయిసే. 1969, 1970 సంవత్సరాలలో వరుసగా గెలిచి మూడోసారి కోసం వచ్చింది. ఆ నగరంలో చర్చీల ఆధ్వర్యంలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే ఏర్పాటు తరతరాలుగా ఉంది. అక్కడి వీధులలో పెరిగిన పిల్లలే పెద్దవారై ఆ జట్టులో ఆడేవారు. ఒకవైపు ఒకే నగరపు బిడ్డలు, మరొకవైపు సముద్రాలు దాటి వచ్చిన విద్యార్థులు.

హోవర్డ్ 3–2తో గెలిచింది. అమెరికా కళాశాలల క్రీడాసంఘం ఎన్.సి.ఎ.ఎ. నిర్వహించే అగ్రశ్రేణి పోటీలలో నల్లజాతి ప్రజల విద్యాలయమొకటి జాతీయ విజేత కావడం అదే ప్రథమం. ఇది కేవలం ఒక ఆటలో గెలుపు కాదని ఆ విద్యార్థులకు తెలుసు, వారి ప్రాంగణానికీ తెలుసు.

విచారణ, శిక్ష

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. హోవర్డ్ క్రీడాకారులలో కొందరికి ఆడే అర్హత లేదంటూ క్రీడాసంఘం విచారణ ప్రారంభించింది. ఆ నీడలోనే 1972లో జట్టు మళ్ళీ సెమీఫైనల్ వరకు వెళ్ళి సెయింట్ లూయిస్ చేతిలో ఓడింది. 1973 ఆరంభంలో శిక్ష వెలువడింది. 1971 నాటి విజేత స్థానం రద్దయింది. పైగా 1973లో దేశస్థాయి పోటీలలో పాల్గొనకుండా జట్టుపై నిషేధం విధించారు.

ఆరోపణలు ముఖ్యంగా మూడు నియమాలకు సంబంధించినవి.

మొదటిది అయిదేళ్ళ నియమం. విద్యార్థి కళాశాలలో తొలిసారి చేరిన నాటి నుండి అయిదు సంవత్సరాలలోపే తన ఆట కాలాన్ని ముగించుకోవాలి.

రెండవది మార్కుల నియమం. ఉన్నత పాఠశాల ఫలితాలను, ప్రవేశ పరీక్షను బట్టి, ఆ విద్యార్థి కళాశాలలో 4కు కనీసం 1.6 సగటు సాధించగలడని ముందుగానే లెక్కకట్టి చూపాలి. అమెరికాలో చదివిన పిల్లలకు ఆ ప్రవేశ పరీక్ష సహజమైన మెట్టు. బ్రిటిష్ పద్ధతి పాఠశాలలలో చదివి వచ్చిన దీవుల విద్యార్థికి అది పరిచయమే లేని వ్యవహారం. విశేషమేమంటే, శిక్ష పడిన 1973లోనే క్రీడాసంఘం ఈ నియమాన్ని స్వయంగా రద్దు చేసుకుంది.

మూడవది విదేశీ విద్యార్థుల నియమం. ఒక విదేశీయుడు పందొమ్మిదేళ్ళు నిండిన తరువాత తన స్వదేశంలో ఏదైనా వ్యవస్థీకృత జట్టులో ఆడి ఉంటే, ఆడిన ప్రతి సంవత్సరాన్నీ అతని కళాశాల ఆట కాలం నుండి తీసివేస్తారు. అంటే ట్రినిడాడ్ యువకుడు కళాశాలకు రాకముందు తన ఊరి క్లబ్బులో రెండేళ్ళు ఆడితే, అమెరికా కళాశాలలో అతనికి రెండేళ్ళ ఆట పోయినట్లే. అదే వయసులో అమెరికన్ యువకుడు తన ఊరి క్లబ్బులో ఆడితే ఈ లెక్క అతనికి వర్తించదు. చేసిన పని ఒక్కటే, కానీ పుట్టిన దేశాన్ని బట్టి ఫలితం మారిపోయింది.

న్యాయస్థానం ఏమన్నది?

హోవర్డ్ విశ్వవిద్యాలయం కేకలు వేయలేదు, పోటీలను బహిష్కరించలేదు. న్యాయస్థానం తలుపు తట్టింది. వాషింగ్టన్‌లోని ఫెడరల్ న్యాయస్థానంలో న్యాయమూర్తి గెర్హార్డ్ గెసెల్ ఈ వ్యాజ్యాన్ని విని 1973లో తీర్పు చెప్పారు. విదేశీ విద్యార్థుల నియమం చట్టం ముందు అందరూ సమానులన్న రాజ్యాంగ సూత్రానికి విరుద్ధమని ఆయన తేల్చారు. అయితే తక్కిన రెండు నియమాలు చెల్లుతాయని, వాటి ఉల్లంఘన జరిగింది గనుక శిక్ష నిలుస్తుందని కూడా తీర్పులో ఉంది. 1975లో పై న్యాయస్థానం ఈ తీర్పునే ఖాయం చేసింది.

ఈ తీర్పును జాగ్రత్తగా చదవాలి. ఈ కథను చెప్పేవారు సాధారణంగా ఏదో ఒక వైపే చెబుతారు. కొందరు హోవర్డ్‌కు కేవలం అన్యాయమే జరిగిందంటారు. మరికొందరు హోవర్డ్ నియమాలు మీరింది కాబట్టి శిక్ష పడింది, అంతటితో సరి అంటారు. న్యాయస్థానం ఈ రెండు మాటలలో దేనినీ పూర్తిగా ఒప్పుకోలేదు. ఒక నియమం అన్యాయమైనది, దానిని కొట్టివేయాలి. తక్కినవి అందరికీ ఒకే విధంగా వర్తించేవి, వాటిని పాటించి ఉండవలసింది. అన్యాయమైన నియమం ఒకటి ఉన్నంత మాత్రాన మన పొరపాటు మాసిపోదు. మన పొరపాటు ఉన్నంత మాత్రాన ఆ అన్యాయం న్యాయమైపోదు. పిల్లల తగవులు తీర్చే ప్రతి తల్లీ, ప్రతి గురువూ గుర్తుంచుకోవలసిన విషయమిది. తగవులో నిజం తరచుగా రెండు వైపులా కొంత కొంత ఉంటుంది. దానిని విడదీసి చెప్పడమే న్యాయం.

1974: పందొమ్మిది ఆటలు, పందొమ్మిది గెలుపులు

న్యాయస్థానం హోవర్డ్ గౌరవానికి తగిలిన మచ్చను కొంత తుడిచింది. కానీ పోయిన విజేత స్థానాన్ని తిరిగి ఇవ్వలేదు. అటువంటి స్థితిలో మనిషి ముందు రెండు దారులు ఉంటాయి. జీవితకాలమంతా ‘మాది లాక్కున్నారు’ అని చెప్పుకుంటూ గడపడం ఒకటి. ఎవరూ వేలెత్తి చూపలేని రీతిలో మళ్ళీ సంపాదించుకోవడం రెండవది. లింకన్ ఫిలిప్స్, ఆయన విద్యార్థులు రెండవ దారిని ఎంచుకున్నారు. ఎంత అణచివేసినా సత్యం పైకి లేస్తుందన్న భావం గల మాటను వారు తమ నినాదంగా పెట్టుకున్నారు.

నిషేధం ముగిసిన తరువాతి ఏడాది, అంటే 1974లో, ఆ జట్టు పందొమ్మిది ఆటలు ఆడింది. పందొమ్మిదింటిలోనూ గెలిచింది. ఓటమి లేదు, సమం కూడా లేదు. మొత్తం 63 గోల్స్ చేసింది, ప్రత్యర్థులకు ఇచ్చినవి 6 మాత్రమే. సగటున మూడు ఆటలకు ఒక్క గోల్. గోల్స్ చేయడం నైపుణ్యానికి గుర్తు అయితే, గోల్స్ ఇవ్వకపోవడం క్రమశిక్షణకు గుర్తు. ముందువరుస ఆటగాడు బంతి పోగొట్టుకున్నప్పుడు అలిగి నిలబడిపోకుండా వెనక్కు పరుగెత్తితేనే ఇటువంటి లెక్క సాధ్యం.

సెమీఫైనల్‌లో హార్ట్‌విక్ కళాశాలను ఓడించి హోవర్డ్ ఫైనల్‌కు చేరింది. ఎదురుగా మళ్ళీ సెయింట్ లూయిస్. 1972, 1973 రెండింటా గెలిచి ఆ జట్టు మరలా వరుసగా మూడోసారి కోసం వచ్చింది. పైగా ఈసారి ఆట మయామీలో కాదు, సెయింట్ లూయిస్ నగరంలోనే, బుష్ స్టేడియంలో. మైదానమూ వారిదే, ప్రేక్షకులూ వారివారే.

నిర్ణీత సమయం ముగిసేసరికి చెరొక గోల్. అదనపు సమయం ఇచ్చారు, తేలలేదు. రెండవది, మూడవది కూడా అలాగే గడిచాయి. డిసెంబరు చలిలో అలసిన కాళ్ళతో ఇరుజట్లూ నాలుగవ అదనపు సమయంలోకి ప్రవేశించాయి. అప్పుడు నైజీరియా యువకుడు కెన్నెత్ ఇలోడిగ్వే బంతిని గోల్‌లోకి పంపాడు. హోవర్డ్ 2–1తో గెలిచింది. ఈసారి ఆ పేరును ఎవరూ కొట్టివేయలేకపోయారు.

మన ఇళ్ళకు ఈ కథతో పనేమిటి?

అర్ధ శతాబ్దం క్రితం, వేరే ఖండంలో, వేరే ప్రజల నడుమ జరిగిన ఆట మనకెందుకని పాఠకులు అడగవచ్చు. నేడు తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల నుండి వేలాదిమంది యువకులు చదువుకోసం అమెరికాకు వెళ్తున్నారు. పరాయి దేశంలో విద్యార్థిగా ఉండడమంటే ఏమిటో హోవర్డ్ జట్టు కథ స్పష్టంగా చూపుతుంది. అక్కడ మీ ప్రతిభను అందరూ మెచ్చుకోవచ్చు. కానీ ఒక్క కాగితం లేకపోయినా, ఒక్క గడువు దాటినా ఆ ప్రతిభ లెక్కకు రాదు. కావున తమ బిడ్డను విమానమెక్కించే తండ్రి, డబ్బుతో పాటు ఒక అలవాటును కూడా వెంట పంపాలి: ఏ సంస్థలో చేరినా దాని నియమాలను మొదటి నుండి చివరి వరకు చదివే అలవాటు. ఏజెంటు చెప్పిందని, స్నేహితుడు చేశాడని సంతకం పెట్టకూడదు. చదివాక ఏదైనా నియమం అన్యాయంగా తోస్తే దానిని చాటుమాటుగా మీరడం కాదు, తగిన చోట, తగిన విధంగా ప్రశ్నించాలి.

ఇక ఇంటిపట్టునే ఉన్న మనకూ ఇందులో ఒక మాట ఉంది. మన పిల్లలకు పరీక్షలోనో, ఉద్యోగంలోనో, ఆటలోనో నిజంగానే అన్యాయం జరిగిన రోజు వస్తుంది. ఆ రోజున వారి బాధను కొట్టిపారేయకండి, ‘పోనీలే’ అని తేలికగా అనకండి. అన్యాయాన్ని అన్యాయమని వారితో కలిసి చెప్పండి, చేయగలిగిన పోరాటం చేయండి. అయితే ఆ ఫిర్యాదు తీరేవరకు పుస్తకం మూసి కూర్చోనివ్వకండి. హోవర్డ్ విద్యార్థులు పై న్యాయస్థానపు తుదిమాట కోసం ఎదురుచూస్తూ ఆగిపోలేదు. ఆ తీర్పు 1975లో వచ్చేసరికి వారు మైదానంలో తమ జవాబు ఇచ్చేసి ఉన్నారు.