గుమ్మం దగ్గర ఆగే మెరుపు

పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. దాన్ని ఆనుకుని ఉన్న ప్రోతరాపూర్‌లో గానీ, చుట్టుపక్కల గానీ తెలుగు మాట కొత్తేమీ కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వాళ్లలో చాలా కుటుంబాల వేర్లు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. సంపాదన ఇక్కడ, పెద్దవాళ్లు అక్కడ, మధ్యలో బంగాళాఖాతం. డబ్బును త్వరగా, చౌకగా పంపే సాధనం ఏదొచ్చినా ఇలాంటి ఊరు ఆశగా చూస్తుంది. బిట్‌కాయిన్ ఒక్కటే కొని అమ్మే ఎక్స్ఛేంజీలు కొన్ని అమెరికాలో, ఐరోపాలో ఆ ఆశే చూపిస్తున్నాయి: సెకన్లలో చెల్లింపు, ఖర్చు నామమాత్రం. మాట అబద్ధం కాదు. కానీ ఆ వేగమంతా దారి మధ్యలోనే ఉంది. రూపాయి బిట్‌కాయిన్‌గా మారే చోట, మళ్లీ రూపాయిగా మారే చోట ఏం జరుగుతుందో దాన్నిబట్టే ఈ యంత్రం మనకు పనికొస్తుందో లేదో తేలుతుందని నా వాదన.

ఈ కథ ఒక లోపంతో మొదలైంది. సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన పత్రం బిట్‌కాయిన్‌ను నగదులా చేతులు మారే డబ్బుగా ఊహించింది. 2009 జనవరి 3న, లావాదేవీలను కట్టగట్టి రాసే మొదటి బ్లాకు పుట్టింది. 2010 మే 22న ఫ్లోరిడాలో ఒకాయన 10 వేల బిట్‌కాయిన్లు ఇచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నాడు. అయితే పది నిమిషాలకొక బ్లాకు, ప్రతి బ్లాకుకూ పరిమాణంలో ఒక హద్దు. లోకమంతా కలిసి సెకనుకు ఏడు లావాదేవీలకు మించి పట్టవు. చోటు తక్కువైన కొద్దీ దానికి వేలం పెరుగుతుంది. 2017 డిసెంబరులో ఒక్కో లావాదేవీకి సగటు రుసుము 50 డాలర్లు దాటింది. 2024 ఏప్రిల్ 20న అయితే వంద డాలర్లు కూడా దాటిపోయింది. ఆ రుసుముతో టీ కాదు కదా, నెల సరుకులు కొనడం కూడా నష్టమే.

దీనికి జోసెఫ్ పూన్, థాడియస్ డ్రైజా 2015లో చూపిన ఉపాయమే లైట్నింగ్. కిరాణా కొట్టులో ఖాతా పెట్టుకున్నట్టే ఇదీ: రోజూ పద్దు రాసుకుంటారు, లెక్క మాత్రం చివర్లో ఒక్కసారే తీరుస్తారు. ఇద్దరూ కొంత బిట్‌కాయిన్‌ను ఇద్దరి సంతకాలూ కలిస్తేనే కదిలేలా తాళం వేసి ఒక చానల్ తెరుస్తారు. ఆపైన ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకున్నా కొత్త నిల్వ రాసి సంతకాలు మార్చుకుంటే చాలు, ఆ బ్లాకుల గొలుసైన బ్లాక్‌చైన్ జోలికి పోనక్కర్లేదు. ఎవరైనా తమకు లాభంగా ఉన్న పాత పద్దును బయటపెట్టి మోసం చేయబోతే, ఎదుటివాడు చానల్‌లోని మొత్తం సొమ్మునూ పట్టుకుపోవచ్చు. నిజాయితీని మనిషి మీద కాకుండా శిక్ష మీద నిలబెట్టిన ఈ ఆలోచన చాలా గొప్పది. ముక్కూ మొహం తెలియనివాడికి చెల్లించాలంటే చానళ్ల గొలుసు గుండా సొమ్ము పోతుంది. పుచ్చుకునేవాడి దగ్గరున్న రహస్య సంఖ్య బయటపడితేనే ప్రతి మెట్టులోనూ సొమ్ము విడుదలవుతుంది కాబట్టి నడుమనున్నవాళ్లు కాజేయలేరు. 2017 ఆగస్టులో బిట్‌కాయిన్‌లో దీనికి దారి వేసిన సెగ్‌విట్ మార్పు అమలైంది, 2018 మార్చిలో లైట్నింగ్ అసలు నెట్‌వర్క్ మీదికి వచ్చింది. ఇప్పుడు చిన్న మొత్తమైనా రెండు మూడు సెకన్లలో చేరుతుంది. దారి ఖర్చు చాలాసార్లు పైసల్లోనే.

అయితే ఆ శిక్ష పడాలంటే ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. అవతలివాడు పాత పద్దు బయటపెడితే అభ్యంతరం చెప్పడానికి మామూలుగా ఒక రోజు నుంచి రెండు వారాల గడువే ఉంటుంది. ఈ షరతు విలువ దీవుల్లో ఉన్నవాళ్లకు బాగా అర్థమవుతుంది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున 2,312 కిలోమీటర్ల కేబుల్ పని మొదలుపెట్టేదాకా అండమాన్ ఇంటర్నెట్ అంతా ఉపగ్రహాల సన్నటి దారి మీదే నడిచింది. 1,224 కోట్ల రూపాయల ఆ తీగే ఈ రోజు ఇక్కడి డిజిటల్ చెల్లింపులకు నిజమైన పునాది, యూపీఐ అయినా లైట్నింగ్ అయినా. కాపలా కాయడానికి అద్దె సర్వర్లు ఉన్నాయి, నిజమే. కానీ చానల్ తెరవడానికి బ్లాక్‌చైన్ రుసుము, పుచ్చుకోవడానికి ముందే అవతలివైపు ఉండాల్సిన నిల్వ, రోజంతా వెలుగుతూ ఉండే యంత్రం, వీటన్నిటినీ టీ కొట్టు నడిపేవాళ్ల నెత్తిన పెట్టడం అన్యాయం.

ఎక్స్ఛేంజీ ఈ బరువంతా తన నెత్తిన వేసుకుంటుంది. రివర్, స్ట్రైక్ లాంటి సంస్థల పని ఇదే: వాడుకరి ఒక క్యూఆర్ కోడ్‌కు ఫోను చూపిస్తాడు, చానళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు. బిట్‌కాయిన్ ఒక్కటే పట్టుకోవడం వల్ల వందల నాణేల జంజాటం లేక, ఆ వ్యవస్థ సాఫీగా నడుస్తుందన్నది కూడా నిజమే. కానీ సొమ్ము అక్కడే ఉంచినంతకాలం తాళం మన చేతిలో ఉండదు. ఒకే సంస్థలో ఉన్న ఇద్దరి మధ్య చెల్లింపు ఆ సంస్థ పుస్తకంలో రెండు అంకెల మార్పు మాత్రమే, బ్యాంకులో లాగే. మనిషిని నమ్మనక్కర్లేదని పుట్టిన యంత్రం వాడుకకొచ్చేసరికి మళ్లీ మనిషి మీద నమ్మకం దగ్గరికే చేరింది. ఆ నమ్మకం ఏమవుతుందో 2014లో కూలిన మౌంట్ గాక్స్, 2022లో కూలిన ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజీలు, 2024 జులైలో దాదాపు 2 వేల కోట్ల రూపాయల విలువైన క్రిప్టో దొంగలపాలైన మన వజీరెక్స్ చూపించాయి.

ఇక మన గుమ్మం, అంటే రూపాయి బిట్‌కాయిన్‌గా, బిట్‌కాయిన్ రూపాయిగా మారే చోటు. బ్యాంకులు క్రిప్టో సంస్థలకు సేవలివ్వకూడదని 2018లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఆంక్షను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది, బిట్‌కాయిన్ ఉంచుకోవడమూ నేరం కాదు. కానీ 2022 ఏప్రిల్ నుంచి దాని లాభం మీద 30 శాతం పన్ను, నష్టాన్ని సర్దుకునే వీలు లేదు. అదే ఏడు జులై నుంచి పరిమితి దాటిన బదిలీలకు ఒక శాతం టీడీఎస్. సరుకు కొని బిట్‌కాయిన్ ఇస్తే చట్టం కంటికి అదీ బదిలీయే. కొన్నప్పటి ధర, ఇచ్చినప్పటి ధర ప్రతి టీకీ రాసిపెట్టుకోవాల్సిందే. దారిలో పైసలు మిగిల్చిన యంత్రం గుమ్మంలో ఆగిపోతుంది. పక్కనే 2016లో మొదలైన యూపీఐ ఉంది: వ్యక్తి నుంచి వ్యక్తికి ఖర్చు లేదు, 2020 జనవరి నుంచి వ్యాపారికీ రుసుము లేదు. ప్రోతరాపూర్ నుంచి శ్రీకాకుళానికి డబ్బు పంపడానికి బిట్‌కాయిన్ చుట్టుదారి అక్కర్లేదు.

యూపీఐ నిజంగా ఉచితం కాదు, ఖర్చు ప్రభుత్వం భరిస్తోంది అని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన మాటే. చిన్న వ్యాపారుల చెల్లింపుల కోసం 2024–25కు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకం కేటాయించారు. అయినా రోడ్డులా దీన్నీ అందరి సొమ్ముతో నడపడంలో నాకు తప్పు కనిపించదు. చట్టం మారితే జనం వాడతారు కదా అన్నది ఇంకొంచెం బలమైన వాదన. దానికి ఎల్ సాల్వడార్ సమాధానం చెప్పింది. 2021 సెప్టెంబరు 7న అక్కడ బిట్‌కాయిన్ చట్టబద్ధమైన డబ్బయింది, చివో అనే సర్కారీ వాలెట్ తీసుకున్నవాళ్లకు ప్రభుత్వం 30 డాలర్లు ఇచ్చింది. ఆ బహుమతి ఖర్చయ్యాక వాళ్లలో సగానికి పైగా మళ్లీ దాని ముఖం చూడలేదని ఆర్థికవేత్తల సర్వేలో తేలింది. వ్యాపారులు తప్పక పుచ్చుకోవాలన్న నిబంధనను 2025 జనవరిలో ఆ దేశమే తీసేసింది.

లైట్నింగ్‌కు నిజంగా పని ఉన్న చోటు సరిహద్దు. కువైట్‌లో కష్టపడే కడప కూలీ, డల్లాస్‌లో ఉన్న కొడుకు ఇంటికి పంపే డబ్బులో మధ్యవర్తుల కోత ఇంకా ఉంది. సెలవు రోజుల్లో తరచూ పని ఆగిపోతుంది. అక్కడ కూడా ఈ యంత్రానికి పోటీ లేకపోలేదు: 2023 ఫిబ్రవరిలో యూపీఐని సింగపూర్ చెల్లింపుల వ్యవస్థ పేనౌతో కలిపారు, మిగతా దేశాలతోనూ అలాంటి ప్రయత్నాలు సాగుతున్నాయి. లైట్నింగ్ ఆ పోటీలో నిలవాలంటే మన చట్టంలో రెండు మార్పులు కావాలి. ఇంత మొత్తం లోపు చిన్న చెల్లింపులకు లాభనష్టాల లెక్క నుంచి మినహాయింపు ఉండాలి. ఖాతాదారుల బిట్‌కాయిన్‌ను సొంత సొమ్ముతో కలపకుండా విడిగా ఉంచి, ఆ నిల్వను బయటివాళ్లతో తనిఖీ చేయించుకునే ఎక్స్ఛేంజీకే అనుమతి ఇవ్వాలి.